దశమభాగం మాత్రం క్రియ కాదా?

అక్టోబరు 31, అంటే 1517లో మార్టిన్ లూథర్ సంఘ సంస్కరణ మొదలుపెట్టిన రోజు, దగ్గరపడితే చాలు, మా లూథరన్ వాట్సాప్ గ్రూపుల్లో పాత పోట్లాట మళ్ళీ మొదలవుతుంది: రక్షణ విశ్వాసంతోనేనా, క్రియలు, అంటే మనం చేసే పనులు కూడా కావాలా అని. ఒకాయన ఎఫెసీ 2:8 పెడతాడు: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు." ఇంకొకాయన యాకోబు రెండో అధ్యాయం తీస్తాడు, క్రియలు లేని విశ్వాసం మృతమని. మధ్యలో ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్ళకు నాలుగు చీవాట్లు, అర్ధరాత్రి దాకా వాయిస్ మెసేజ్‌లు. ఎఫెసీ పెట్టినాయన పదో వచనం దాకా ఎప్పుడూ వెళ్ళడు. సత్‌క్రియలు చేయడానికే దేవుడు మనల్ని సృష్టించాడని రెండు వచనాల కిందే ఉంది మరి.

విచిత్రం ఏమిటంటే, పెద్దవాళ్ళు ఎప్పుడో రాజీపడ్డారు. 1999లో అదే అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కేథలిక్కులు కలిసి సంతకాలు పెట్టారు. మన యోగ్యతను బట్టి కాదు, కృపను బట్టే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, సత్‌క్రియలకు పిలిచేదీ ఆయనే అని. 2006లో మెథడిస్టులూ చేరారు. మన గ్రూపులకు ఆ కబురు ఇంకా అందలేదు.

విశ్వాసంతోనే రక్షణ అంటే నేను కాదనను. నా బాధల్లా ఆ మాటను ఎక్కడ బయటికి తీస్తున్నాం, ఎక్కడ దాచేస్తున్నాం అన్నదే.

కానుకల దగ్గర చూడండి. "మన క్రియల వల్ల ఏమీ రాదు, అంతా కృపే" అని అరగంట చెప్పిన ప్రసంగీకుడే చివర్లో విత్తన కానుక వేస్తే నూరంతలు వస్తుందంటాడు. ఆదాయంలో పదోవంతు, అదే దశమభాగం, ఎగ్గొట్టిన ఇంట్లో జబ్బులు వదలవంటాడు. టీవీలో అయితే కింద ఫోన్‌పే నంబరు, పక్కన అభిషేక తైలం సీసా. ఇది క్రియ కాదా? 1517లో లూథర్‌కి ఒళ్ళు మండింది సరిగ్గా ఇలాంటి బేరం మీదే. టెట్జెల్ అనే సన్యాసి పాపపరిహార పత్రాలు అమ్ముతూ ఊళ్ళు తిరిగేవాడు. ఆ డబ్బులో కొంత రోములో సెయింట్ పీటర్స్ దేవాలయం కట్టడానికి వెళ్ళేది. ఇప్పుడు మనం ఫ్లెక్సీ మీద లూథర్ బొమ్మ వేసి, దాని కిందే క్యూఆర్ కోడ్ పెడుతున్నాం.

నేనెరిగిన ఒక గుడిలో గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది: "అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు." దానికి ఎదురుగా ఫ్యాను. మూడు రెక్కల మీదా ఎర్ర పెయింటుతో దాత పేరు, ఊరు, ఎవరి జ్ఞాపకార్థమో. కరెంటు పోయినప్పుడల్లా తీరిగ్గా చదువుకోవచ్చు.

అసలు అపొస్తలుడైన పౌలు 'క్రియల వల్ల కాదు' అన్న ఈ మాట ఎక్కడ ఎత్తుకున్నాడు? గలతీ 2 చదవండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి భోంచేస్తున్నాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు వచ్చేసరికి భయపడి మెల్లగా పక్కకు జరిగాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు. ధర్మశాస్త్ర క్రియల వల్ల ఎవడూ నీతిమంతుడు కాడన్న మాట ఆ బంతి గొడవ చెబుతూనే వస్తుంది. సున్నతి ఉన్నవాడూ లేనివాడూ ఒక్క బంతిలో కూర్చోవాలి, అదీ ఆయన పట్టు. మరి మనమో? మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో ఒక గుడి. అవే పాటలు, అదే బైబిలు. పెళ్ళి సంబంధం అనేసరికి "వాళ్ళు మనవాళ్ళేనా?" అనే ప్రశ్న ముందు. ఇక రెడ్డి, కమ్మ క్రైస్తవుల సంగతి వాళ్ళనే రాయమనండి, చదువుతాను.

లూథర్ యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడని గుర్తుచేసేవాళ్ళున్నారు. నిజమే, 1522 కొత్త నిబంధన ముందుమాటలో అన్నాడు. అదే ఏడాది రోమా పత్రిక ముందుమాటలో విశ్వాసం ఊరికే కూర్చోదనీ, మంట నుంచి వేడినీ వెలుగునూ విడదీయలేనట్టే విశ్వాసం నుంచి క్రియల్ని విడదీయలేమనీ రాశాడు. అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతి మనవాళ్ళందరికీ తెలిసిందే. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికేలా చేశాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు, తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మన ప్రసంగాల్లో మారుమోగుతుంది. కాలువ పని ఊసు ఎవరెత్తుతారు? ఆ కూలి బాప్తిస్మానికి బేరం కాదు. ఆకలిగా ఉన్నవాడికి పని కావాలి గనక ఇచ్చాడు.

"సిలువ మీద దొంగ ఏ క్రియలు చేశాడు?" అని కామెంటు పెట్టబోతున్నారని తెలుసు. యేసు పక్క సిలువ మీద చివరి ఘడియలో ఆయన్ను నమ్మిన అతనికి మిగిలింది కొన్ని గంటలు. మనకు పొలాలున్నాయి, ఎఫ్‌డీలున్నాయి. మనం పోల్చుకోవాల్సింది జక్కయ్య అనే డబ్బున్న సుంకరితో. సగం ఆస్తి బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు కడతాను అన్నాడాయన. ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని యేసు చెప్పింది ఆ మాట విన్నాకే. దాని మీద మా గుడిలో కూడికలు పెట్టగా నేను చూడలేదు.

అయితే క్రియలతో రక్షణ కొనుక్కోమంటావా అని అడిగే అన్నయ్యలకు ముందే చెబుతున్నా: లేదన్నా. పోయినసారి మిర్చి కోతల కూలి బాకీ ఇచ్చెయ్యమంటున్నాను.