సవరణ: కళింగపట్నం తీరంలో కళా ప్రదర్శన ఏర్పాట్లు

కళింగపట్నం ఇసుకతీరంలో ప్రదర్శన పెట్టేవారికి ఇంతకుముందు ఇచ్చిన సూచనల్లో రెండింటిని మార్చుకోండి.

ఫిబ్రవరి రాత్రుల్లో ఇసుక మీద తెల్ల ఎల్‌ఈడీ దండలు పరవమన్నాం. పరవొద్దు. జనవరి నుంచి శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు పైకొస్తాయి. వాటి లెక్కన వెలుతురున్న వైపే సముద్రం. మన దీపాలు చూసి ఊరివైపు పాకి, కాకులకో కుక్కలకో చిక్కుతాయి. ఎర్ర కాగితం చుట్టినంత మాత్రాన ముప్పు పూర్తిగా పోదు. మే దాకా ఇసుకలో గుంతలు కూడా తవ్వొద్దు, గూళ్లు అడుగున్నర లోతులోనే ఉంటాయి. ఆ నెలల్లో పెట్టాలంటే సరుగుడు తోటలో, పగటిపూటే.

ఇక రెండోది, మిగతా నెలల్లో తెరలు కట్టడానికి ఇసుకలో పాతే వెదుళ్లు. ఇంతకుముందు చెప్పిన అడుగు లోతు చాలదు. పది అడుగుల వెదురుకు 3 అడుగుల గుంత, అదీ తడి ఇసుక తగిలేదాకా. వెదుళ్లను నిలబెట్టే తాళ్లను మేకులకు కట్టకండి, ఇట్టే ఊడొస్తాయి. ఇసుక నింపిన గోనెసంచికి కట్టి 2 అడుగుల లోతున పాతండి. సంచి మీదున్న ఇసుక బరువే పట్టు. పొందూరు ఖద్దరు తెరలకు పై అంచు మాత్రమే కట్టాలి. నాలుగు మూలలూ బిగిస్తే గాలికి తెరచాపలా ఉబ్బి వెదుళ్లనే పెకలిస్తుంది.