సార్ లైనులో ఉన్నారు

మన ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్స్‌రే యంత్రం మూలపడి ఉండవచ్చు, మందుల కిటికీకి తాళం ఉండవచ్చు. ఏనాడూ మొరాయించని పరికరం మాత్రం ఒకటుంది. ఓపీ చీటీల దగ్గర, నలభై తలల మీదుగా చాచిన చేతిలో కనిపిస్తుంది. "సార్ లైనులో ఉన్నారు, ఒక్కసారి మాట్లాడండి."

నిజమే. అక్కడ లైనులో లేనిది ఆ ఫోను పట్టుకున్నవాడొక్కడే.

రోజులు బాగున్నంత కాలం ఈ పెద్దమనిషి ఆ వీధిలో ముక్కు మూసుకుని నడిచాడు. 2020 ఏప్రిల్, జూన్ మధ్య దేశ జీడీపీ 23.9 శాతం కుంగిందని తొలి అంచనాలు చెప్పాయి. ఆ దెబ్బకు ఉద్యోగమూ, దానితోపాటు కంపెనీ ఇచ్చిన బీమా కార్డూ పోయాయి. రక్తపోటు మాత్రం పోలేదు. దాంతో ఆయనకు ప్రజావైద్యం మీద ఎనలేని గౌరవం పుట్టుకొచ్చింది. రావలసిందే, కాదనను. ఒంటరిగా రాకుండా సార్‌ని జేబులో పెట్టుకుని వచ్చాడు, అదీ నా బాధ.

ఆ కిటికీ ముందు మనుషులకంటే చెప్పులే ఎక్కువ. తొలి బస్సుకు దిగిన ముసలమ్మ, మోకాళ్లు నిలవక, పిన్నీసు గుచ్చిన హవాయి చెప్పుల్ని తన చోట వదిలి గోడవారన కూర్చుంటుంది. వెనకామె వాటినీ కాలితో ముందుకు జరుపుతుంది. ఒకరి చెప్పుల్ని ఇంకొకరు దాటరు. రాజ్యాంగంకన్నా నిష్ఠగా అమలయ్యే చట్టమది. అంతలో ఫోను వస్తుంది. "నమస్తే సార్" అంటూ గుమాస్తా సగం లేస్తాడు. "అలాగే సార్" అంటూ పూర్తిగా లేస్తాడు. అవతలివారికి కనిపించదని తెలిసీ చొక్కా పై గుండీ పెట్టుకుంటాడు. ఒకనాడు ఇద్దరు చాచిన రెండు ఫోన్లలోనూ ఒకే సార్ తగిలారు. ఎవరిని ముందు పంపాలో ఆ సార్‌నే అడిగి తెలుసుకున్నాడు. పిన్నీసు చెప్పులు ఉన్నచోటే ఉన్నాయి.

సాయంత్రానికి ఓపీ సంఖ్య పెరుగుతుంది. ప్రభుత్వ వైద్యంపై నమ్మకం పెరిగిందని ప్రకటన వెలువడుతుంది. గ్రీసులోనూ ఇంతే. ఆర్థిక సంక్షోభం ముదిరిన 2010లో అక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో చేరేవారు ముందటేడుకన్నా 24 శాతం పెరిగారు, ప్రైవేటులో తగ్గారు. ఆ ప్రభుత్వం నమ్మకానికి మురిసి ఆసుపత్రుల బడ్జెట్ కోసింది, 2011లో ఓపీ రుసుమును మూడు యూరోల నుంచి ఐదుకు పెంచింది.

పన్నెండింటికి కిటికీ మూస్తారు. "రేపు రామ్మా." రేపంటే మళ్లీ బస్సు చార్జీ, తోడు వచ్చిన కోడలికి మళ్లీ ఒక రోజు కూలి నష్టం. పనే దొరకని కాలంలో దొరికిన రోజును ఎలా వదులుకుంటారు? వదులుకోరు. ముసలమ్మ షుగరు మాత్రను రోజు విడిచి రోజు మింగుతుంది. కాలికి పుండు పడ్డాక వస్తుంది. ముదిరాక కోయడానికి 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది. ముదరకముందు చూపించుకోవలసిన చీటీని మీ సార్ ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోయారనే రాస్తున్నాను; ఈ దొంగతనానికి ఇంకో మర్యాద పేరు నాకు తెలియదు. రానివాళ్లకు ఓపీ రిజిస్టరులో గడి లేదు కాబట్టి లెక్కలు చక్కగా కుదురుతాయి. వైద్యానికి జీడీపీలో 2.5 శాతం ప్రభుత్వ ఖర్చు 2025కల్లా అన్నది 2017 జాతీయ ఆరోగ్య విధానం. ఆ ఏడు వచ్చి వెళ్లింది. కిటికీ ఇంకా ఒక్కటే.

మొన్న వెళ్లాను. పిన్నీసు చెప్పులు కనబడలేదు. వెనకామెను అడిగాను.

"ఈ నెల రాలేదు బాబూ" అంది, తన చెప్పుల్ని ఒక్క అడుగు ముందుకు జరుపుకుంటూ.