సగం చేప

ఆదివారం పొద్దున్నే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చందువా తెమ్మంది మా ఆవిడ. చందువా ధర విన్నాక నా చూపు పక్క గంపలోకి జారింది. అందులో అరిగిపోయిన చెప్పులా పల్చగా, పొడుగ్గా, మట్టిరంగులో ఒక చేప.

"నాలుక చేప బాబూ" అంది అమ్మే ఆవిడ. పల్చగా ఉంది కదా, చందువాకి దూరపు చుట్టమై ఉంటుందని కొనేశాను. తోలు తీసిస్తానంటే, ఆ డబ్బులెందుకు దండగని వద్దన్నాను.

ఇంటి దగ్గర అత్తగారు దాన్ని తిరగేసి కెవ్వుమన్నారు. అటువైపంతా సున్నం కొట్టిన గోడ! కన్ను లేదు.

"బాబూ, నిలువునా కోసి సగమే అంటగట్టారు మీకు!"

ఇటు తిప్పితే రెండు కళ్ళూ ఒకే పక్కన, అదీ ఇరుగ్గా. కవర్లో పెట్టుకుని మళ్ళీ ఆటో ఎక్కాను. చేప కన్నా ఆటోకే ఎక్కువైంది.

"మిగతా సగం ఏదమ్మా?" అని గట్టిగా నిలదీశాను. చుట్టుపక్కల గంపలవాళ్ళంతా పని మానేసి నవ్వారు.

"ఏటి బాబూ, ఇసకలో పడుకునేదానికి కింద కన్నెందుకు? నలుసులు పడ్డానికా?"

తిరుగు ఆటోలో ఫోన్ తీసి చదివాను. ఇల్లు చేరేసరికి నేనే ప్రొఫెసర్ని. సోఫాలో కూర్చుని మొదలుపెట్టాను. గుడ్డులోంచి వచ్చినప్పుడు ఇది మామూలు చేపే, చెరో పక్క ఒక్కో కన్ను, నిటారుగా ఈదుతుంది. కొన్ని వారాలకి ఒక కన్ను మెల్లగా తల దాటుకుని రెండోదాని పక్కకి వచ్చేస్తుంది. ఇలాంటి బల్లపరుపు చేపలు 700 జాతులకు పైగానే ఉన్నాయి. కొన్నింటికి కళ్ళు కుడివైపు, మన నాలుక చేపకి ఎడమవైపు. గుడ్డి పక్క నేలకి ఆనించి, పైన ఇసక కప్పుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి పడుకుంటుంది. రంగు అచ్చం నేల రంగే. పక్కనే ఉన్నా కనిపించదు.

"నిజమే, కనిపించట్లేదు" అంది మా ఆవిడ.

వరండాలో మొజాయిక్ గచ్చు మీద పెట్టిన చేప లేదు. ముగ్గురం వంగి వెతికాం. చచ్చిన చేప రంగు మారుస్తుందా అని నాకే అనుమానం వచ్చింది. ఇంతలో గోడ మీద పక్కింటి పిల్లి మూతి తుడుచుకుంటూ కనిపించింది.

ఆ పూట కోడిగుడ్ల పులుసు. అత్తగారు ప్రతి గుడ్డునీ అటూ ఇటూ తిప్పి చూసి మరీ నా కంచంలో వేశారు.