బర్గర్ నిండా ఊళ్ల పేర్లే, మన ఊరు తప్ప

పోయిన నెల ఓ ఆదివారం సాయంత్రం మా మేనల్లుడు నన్ను బెంగళూరు ఇందిరానగర్‌లో ఈమధ్య బాగా పేరొచ్చిన ఓ బర్గర్ హోటలుకి తీసుకెళ్లాడు. మారతహళ్లిలో పీజీలో ఉంటాడు. మొదటి జీతం వచ్చినప్పటి నుంచీ ఒకటే మాట: "అత్తా, ఒక్కసారి రా, అనంతపురంలో మనం తిన్న బర్గర్‌కీ దీనికీ పోలికే లేదు." ముప్పావు గంట బయట నిలబడ్డాక టేబుల్ దొరికింది. చెక్కపలక మీద జానెడెత్తు బర్గర్ వచ్చింది. పడిపోకుండా నడిమధ్యన వెదురుపుల్ల గుచ్చారు. పక్కన చాకూ, ఫోర్కూ పెట్టారు. ఒక్కోటి 495 రూపాయలు.

రుచి సంగతి ముందే చెప్పేస్తాను. బాగుంది. ప్యాటీ, అంటే బన్ను మధ్య పెట్టే మాంసం బిళ్ల, అంచులు కరకరలాడుతున్నాయి, లోపల రసం ఆరిపోలేదు. అది ఊరికే వచ్చే రుచి కాదు. కీమాని గట్టిగా పిసకకుండా ఉండ చేసి, బాగా కాలిన ఇనుప పెనం మీద వేసి ఒక్క అదుము అదుముతారు. పెనాన్ని తాకిన పొర 140 డిగ్రీలు దాటిందంటే మాంసంలోని ప్రొటీనూ చక్కెరా కలిసి ఎర్రగా వేగి, ఆ కమ్మటి వాసన పుడుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ 1912లో వివరించిన చర్య ఇది. మన ఇళ్లలో వేపుడు మూకుడు అడుగున రోజూ జరిగేదీ ఇదే. మాంసంలో ఐదో వంతు దాకా కొవ్వు లేకపోతే మాత్రం ప్యాటీ పిడకలా ఎండిపోతుంది. ఇవన్నీ తెలిసినవాళ్లే ఆ వంటింట్లో ఉన్నారు. కాబట్టి వంట మీద నాకు ఫిర్యాదు లేదు, ధర మీదా లేదు. ఇందిరానగర్ అద్దెలు ఎలా ఉంటాయో బెంగళూరులో అందరికీ తెలుసు.

నా పేచీ మెనూతో.

బర్గర్ వచ్చేదాకా ఆ మెనూనే చదువుతూ కూర్చున్నాను. హాంబర్గర్ అంటేనే హాంబర్గ్‌ది అని అర్థం, జర్మనీలో ఓ రేవు పట్నం. చెడ్డార్ చీజుకు పేరిచ్చింది ఇంగ్లండులో సోమర్‌సెట్ సీమలోని పల్లె. గౌడా చీజుకేమో నెదర్లాండ్స్ ఊరు. డిజాన్ ఆవపిండి ముద్దకు పేరుబడ్డ ఫ్రాన్సు పట్నం. హాలపీన్యో మిరపకు ఆ పేరు మెక్సికోలోని హలాపా నుంచి వచ్చింది. ఒక్క బర్గర్ కింద అయిదు ఊళ్లు! ఆ ఊళ్లవాళ్లు తమ పేరుని ఎక్కడా వదులుకోలేదు, సముద్రాలు దాటి ఇక్కడిదాకా వెంట పంపారు. కానీ ఆ పలక మీదున్న టమాటా ఏ ఊరిది? ఉల్లిగడ్డ ఎక్కడిది? మాంసం ఏ సీమ గొర్రెది? మెనూలో ఒక్క ముక్క లేదు.

బన్ను ఎత్తి చూస్తే లోపల గుండ్రంగా తరిగిన ఊరగాయ ముక్కలు కనిపించాయి. పచ్చగా, పుల్లగా, కొరికితే టప్పుమని విరుగుతున్నాయి. ఇవెక్కడివని వడ్డించే అబ్బాయిని కన్నడంలో అడిగాను. "ఇంపోర్టెడ్ మేడం" అన్నాడు. నేను మా వాడి వైపు తిరిగి తెలుగులో ఏదో అన్నాను. ఆ అబ్బాయి మొహం వెలిగింది. "తెలుగోళ్లా అక్కా? మాది పావగడ తట్టు" అని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి చెప్పాడు: "ఇవి మా పక్క పండేటివే అక్కా. మిడిసౌతె అంటారు. మాయమ్మ కోతకు పోతాది. ఒగ దినం కోయకుంటే లావైపోతాయి, అప్పుడు రేటుండదు. లోపల డబ్బా మీద తుమకూరు అడ్రసే ఉంది."

ఆ హోటలు పేరు నేను రాయను. ఆ అబ్బాయి ఉద్యోగం ముఖ్యం. కానీ అతను చెప్పిన దాని వెనక పెద్ద కథే ఉంది. మిడిసౌతె అంటే గెర్కిన్, పిందెగా ఉండగానే కోసే దోసకాయ. దీని సాగు, ఊరవేసి ఎగుమతి చేసే పరిశ్రమ మన దేశంలో 1990లలో కర్ణాటకలోనే మొదలైంది. తర్వాత తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు పాకింది. 2022లో కేంద్ర వాణిజ్య శాఖ చెప్పిన లెక్క ప్రకారం సుమారు 90 వేల మంది చిన్న, సన్నకారు రైతులు 65 వేల ఎకరాల్లో కంపెనీలతో ఒప్పందం మీద పండిస్తున్నారు. 2020–21లో దోసకాయ, గెర్కిన్ కలిపి 2.23 లక్షల టన్నులు విదేశాలకు వెళ్లాయి. గెర్కిన్ ఎగుమతిలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. తొంభై రోజుల పంట. ఆ కాయకు ధర కట్టేది కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్కతో. కిలోకి నూట అరవై పైన తూగే వేలెడంత పిందెలకు మంచి ధర, లావెక్కేకొద్దీ తక్కువ. అందుకే రోజూ వంగి కోయాలి. ఆ అబ్బాయి వాళ్లమ్మ చేసే పని అదే. బయటి దేశాల బర్గర్లలో నలిగే ముక్కల్లో ఎన్నో ఈ మెట్టభూముల నుంచే వెళ్తున్నాయి. అలాంటిది నూట యాభై కిలోమీటర్ల అవతల తుమకూరు జిల్లా పావగడ తట్టున పండిన కాయని బెంగళూరులో బయటి దేశపు కాయ అని వడ్డిస్తున్నారు. ఆ మాట అతని నోటే చెప్పించడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది.

తిండి ముందు ఊరి పేరు పెట్టుకోవడం మనకి కొత్త కాదు. బందరు లడ్డు, కాకినాడ కాజా, ఆత్రేయపురం పూతరేకులు, మాడుగుల హల్వా, బనగానపల్లె మామిడి, గుంటూరు మిరప. బియ్యం కొట్లో కూడా కర్నూలు సోనాయేనా అని అడిగి గానీ బస్తా ఎత్తించం. ఊరి పేరు మనకి హామీ లాంటిది, చెడగొడితే నిలదీయడానికి ఓ చిరునామా. హోటళ్లలో గుంటూరు కోడి అని రాసిన ప్రతిదాంట్లో గుంటూరు మిరపే పడుతుందని నేననను, అక్కడ ఊరి పేరు చాలాసార్లు మసాలా తీరుకి గుర్తు మాత్రమే. అయినా అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆ పేరుతో పాటే వస్తుంది.

టమాటా సంగతి చూడండి. బెంగళూరుకి టమాటా ఎక్కువగా కోలారు నుంచీ, మదనపల్లె నుంచీ వస్తుంది. 2023 జూలైలో ధర కిలో రెండొందలు దాటినప్పుడు ఉత్తరాదిన, తూర్పున మెక్‌డొనాల్డ్స్ తన బర్గర్లలో టమాటానే తీసేసింది. అప్పుడు దేశమంతా టమాటా గురించి మాట్లాడింది. అదే మదనపల్లె రైతు కోత కూలీ కూడా రాక పంటని రోడ్డు పక్కన పారబోసిన ఏడాది, బర్గర్ ధర ఒక్క రూపాయి తగ్గదు. ఆ ముక్క ఎవరిదో తెలిస్తే తినేవాడికి ఈ రెండో కథ కూడా కొంచెం చేరుతుంది. ఉల్లి విషయం ఇంకా విచిత్రం. చిక్కబళ్లాపురం, కోలారు, బెంగళూరు గ్రామీణ జిల్లాల్లో పండే బెంగళూరు గులాబీ ఉల్లికి 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంటలో ఎక్కువ భాగం మలేసియా, సింగపూర్ లాంటి దేశాలకు ఓడెక్కుతుంది. తన పేరు మీదున్న ఉల్లిని బెంగళూరు తన మెనూల్లో ఎందుకు రాసుకోదు?

ఇక మాంసం. మైసూరు, మండ్య వైపు బన్నూరు గొర్రె అంటే మాంసానికి పెట్టింది పేరు. పొట్టి కాళ్లు, బరువైన ఒళ్లు, మెత్తటి, కొవ్వు పట్టిన మాంసం. బర్గర్ ప్యాటీకి కావలసింది సరిగ్గా అదే. ఈ నగరానికి పక్కనే ఆ జాతి ఉంటే మెనూలో ఉత్త ల్యాంబ్ అని రాసి ఊరుకోవడం ఆ గొర్రెకే కాదు, వండినవాడి పనితనానికీ అన్యాయం. అదే మెనూలో ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగు పేరు మీదున్న నూనె మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. బజారులో దొరికే ట్రఫుల్ నూనెల్లో చాలావాటికి ఆ వాసన ప్రయోగశాలలో తయారైన పదార్థంతో వస్తుంది, పుట్టగొడుగుతో కాదు. ఏది ఘనంగా చెప్పుకోవాలో, ఏది దాచాలో తలకిందులైంది.

సరుకు సీజన్‌ని బట్టి మారుతుంది, ఊళ్లన్నీ ఎలా రాస్తామని హోటలువాళ్లు అనొచ్చు. ఆ గోడకే నల్లపలక ఉంది, దాని మీద ఆ రోజు స్పెషల్ చాక్‌పీసుతో రాస్తున్నారు. అదే చేత్తో ఊరి పేరూ రాయొచ్చు. కొనేవాళ్లకి పట్టదంటారా? అదే ఇందిరానగర్‌లో అరకు పేరు మీదే ఓ కాఫీ కేఫ్ నడుస్తోంది. విశాఖ మన్యంలో ఆదివాసీ రైతులు పండించిన గింజలు అవి. ఆ పేరు ప్యారిస్‌లో దుకాణం కూడా తెరిచింది. ఎత్తయిన కొండల్లో ఎవరు పండించారో చెబితే జనం వింటున్నారు, డబ్బూ ఇస్తున్నారు. చిక్కమగళూరు తోటల పేర్లు రాయకుండా ఈ నగరంలో ఇప్పుడు మంచి కాఫీ అమ్మలేరు. కాఫీ గింజకు దక్కిన మర్యాద దోసకాయకు ఎందుకు దక్కకూడదు?

పదీ అంతకుమించి శాఖలున్న హోటళ్లు మెనూలో క్యాలరీలు చూపించాలని ఆహార భద్రత సంస్థ నిబంధన పెట్టింది. ఊరు రాయమని ఎవరూ చెప్పలేదు. అంచేత అది హోటలు ఇష్టానికే మిగిలింది. మా బిల్లులో కేంద్ర జీఎస్టీ రెండున్నర శాతం, రాష్ట్ర జీఎస్టీ రెండున్నర శాతం పైసలతో సహా విడివిడిగా ఉన్నాయి. పన్ను ఎవరి వాటాకి ఎంత వెళ్తుందో అంత వివరంగా చెప్పగలిగినవాళ్లకి టమాటా ఏ లారీలో దిగిందో చెప్పడం కష్టం కాదు. తినేవాళ్లం కూడా అడగడం మానేశాం. రైతుబజారులో వంకాయ ఏ ఊరిదని అడిగే మనిషి ఏసీ గదిలోకి రాగానే మెనూ మూసేసి ఫోటో తీసుకుంటున్నాడు.

బిల్లుతో పాటు అభిప్రాయం రాయమని చిన్న కార్డు ఇచ్చారు. ప్యాటీ చాలా బాగుందని రాశాను. దాని కింద, మీ గెర్కిన్ తుమకూరు జిల్లాది, ఆ పేరు మెనూలో పెట్టండి అని రాశాను. మా వాడు పెన్ను తీసుకుని ఇంకో వరుస కలిపాడు: ఉల్లిగడ్డ ఏ ఊరిదో కూడా.