తుప్పు పట్టిన స్మోకర్ గారికి తుప్పు వదిలిన యజమాని రాయునది

మహారాజశ్రీ బొగ్గుల స్మోకర్ గారి సముఖమునకు,

మాంసాన్ని పొగలో మగ్గించే పొయ్యి అయిన మీకు మూడేళ్ళుగా పెరటిలో చోటిచ్చిన యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఉత్తరాల మర్యాద. కాని నిన్న సాయంత్రం మీ నిప్పుల పెట్టె అడుగు ఊడిపోయి, కణకణలాడే బొగ్గులు నా చెప్పుల పక్కన కుప్పగా రాలిన తరువాత ఆ మర్యాదలో సగమే చెల్లుబాటవుతుంది. నేను కుశలమే. మీ క్షేమసమాచారం అడగడానికి మాత్రం నోరు రావడం లేదు.

మిమ్మల్ని తొలిసారి చూసిన రోజు నాకు బాగా జ్ఞాపకం ఉంది. పడుకోబెట్టిన పీపా వంటి నిండైన దేహం, ఒక పక్కన నిప్పుల పెట్టె, మరొక పక్కన పొగగొట్టం, మూత మీద గోడగడియారమంత థర్మామీటర్, దాని ముల్లు వెనుక ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల పట్టీలు, ముందువైపు చెక్క బల్ల, ఆ బల్ల అంచున సీసా మూతలు ఊడదీసే ఒక చిన్న కొక్కెం: ఇన్ని హంగులతో పొగ బండిలా నిలబడి ఉన్నారు మీరు. నిజం ఒప్పుకోవాలంటే, నా మనసు ఆ కొక్కెం దగ్గరే జారింది. పైన పటారం, లోన లొటారం అన్న మాట నేను చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను. అది మనుషుల గురించి పెద్దలు చెప్పిన మాట అనుకున్నానే గాని, మీవంటి ఇనుప ప్రముఖులకు అక్షరాలా వర్తిస్తుందని ఊహించలేదు.

ఆ రోజు మీ పక్కనే మరొక పొయ్యి ఉండేది. దానికి బల్ల లేదు, కొక్కెం లేదు, రంగులో మెరుపు లేదు. ఆరు మిల్లీమీటర్ల ఇనుప పలకలను వెల్డింగ్‌తో అతికిన మొరటు స్వరూపం. కదిపి చూశాను, కదలలేదు. కదలనిదాన్ని ఇంటికి ఎలా తీసుకుపోతామని దాన్ని వదిలేసి, మిమ్మల్ని ఒక కొస పట్టుకుని ఎత్తి, ఎంత తేలికగా లేచారో అని మురిసిపోయాను. చదరపు మీటరు ఇనుప రేకు ఒక మిల్లీమీటరు మందానికి సుమారు 7.85 కిలోలు తూగుతుందని, ఆరు మిల్లీమీటర్లయితే 47 కిలోలు దాటుతుందని, పొయ్యి విషయంలో బరువంటే మందమేనని ఆనాడు నాకు తోచలేదు. పైగా మీ చీటీ మీద 18 గేజ్ అని, అదే దుకాణంలోని మూడో పొయ్యి మీద 12 గేజ్ అని రాసి ఉంటే, చదువుకున్నవాణ్ణి గనుక పన్నెండుకంటే పద్దెనిమిది పెద్దదని గర్వంగా తేల్చాను. గేజ్ లెక్కలో అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 12 గేజ్ అంటే 2.6 మిల్లీమీటర్ల పైచిలుకు. 18 గేజ్ అంటే 1.2 మిల్లీమీటర్లు. అంటే మీకంటే మందమైనది ఆ దుకాణంలో ఏదైనా ఉందంటే అది నా బుద్ధి.

ఇక మన కాపురం సంగతి. పొగలో మాంసాన్ని మగ్గించే వంట నిదానస్తుల వంట. సుమారు 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య సెగను గంటల తరబడి నిలకడగా ఉంచితే, గట్టి మాంసంలోని కొల్లాజెన్ అనే పీచు కరిగి మెత్తటి జెలటిన్‌గా మారి, ముక్క తనంత తానే విడిపోతుంది. మధ్యలో, ముక్క లోపలి వేడి 70 డిగ్రీల ప్రాంతానికి చేరేసరికి, పైకి ఊరే తేమ ఆవిరై పోతూ ముక్కను చల్లబరుస్తుంది గనుక, ముల్లు గంటల సేపు ఒకేచోట మొండికేస్తుంది. ఆ సమయంలో పొయ్యి నిలకడగా ఉంటే వండేవాడు ఓపిక పట్టగలడు. మందపు పలక వేడిని తనలో నిలవ చేసుకుని, గాలి వీచినా మూత తీసినా మళ్ళీ తేరుకుంటుంది. మీరో? పెరటి గోడ అవతల ఎవరైనా విసనకర్ర విసిరితే చాలు, మీ ముల్లు కిందికి దిగేది. అరగంటకొకసారి బొగ్గులు పోయడం, పోసినప్పుడల్లా సెగ చుక్కలనంటడం, దించడానికి గాలి మూయడం, మూసేసరికి నిప్పు నీరసించి తెల్లటి దట్టమైన చేదు పొగ కక్కడం, ఆ చేదు మాంసానికి పట్టడం: మన ఆదివారాలన్నీ ఇలాగే గడిచాయి. సన్నగా, నీలి ఛాయలో, కనీకనపడనట్టు పోయే పొగే మంచి పొగ అని తెలిసినవాళ్ళు అంటారు. మీ దగ్గర నేను దాన్ని రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ముక్క తీసి ఇంట్లో పెట్టేసిన తరువాతే. “మనకు వండి పెడుతుందని దీన్ని కొన్నామా, దీనికి మనం వండి పెట్టాలని కొన్నామా?” అని మా ఆవిడ ఒకనాటి అర్ధరాత్రి కిటికీలోంచి అడిగితే, నా దగ్గర సమాధానం లేకపోయింది.

మీ థర్మామీటర్ గారి గురించి క్లుప్తంగా మనవి చేస్తాను. వారు మూత దగ్గరి వేడిని చెబుతారు. మాంసం ఉండేది జానెడు దిగువన, జాలీ మీద. ఆ రెండు చోట్లా వేడి ఒకటి కాదు. అనుమానం వచ్చి ఒకసారి వారిని విప్పి మరుగుతున్న నీళ్ళలో ముంచాను. 100 దగ్గర చూపవలసిన ముల్లు 82 దగ్గర ఆగి, అక్కడే సంతృప్తి చెందింది. ఆ తరువాత జాలీ మీద ఒకటి, ముక్కలో ఒకటి గుచ్చే రెండు తీగల డిజిటల్ థర్మామీటర్ కొన్నాను. మీ ఒంటికి సంబంధించి నేను తీసుకున్న నిర్ణయాలలో బుద్ధిగలది అదొక్కటే, అదీ మీలో భాగం కాదు.

మూత సంగతి వదిలిపెట్టలేను. బొగ్గుల పొయ్యికి కళ్ళెం గాలే. కింది రంధ్రం ఎంత తెరిస్తే అంత గాలి, ఎంత గాలి ఉంటే అంత నిప్పు. అన్ని రంధ్రాలూ మూస్తే నిప్పు ఊపిరాడక ఆరిపోవాలి, మిగిలిన బొగ్గు మరునాటికి పనికి రావాలి. ఇది జరగాలంటే మూత అంచు ఒంటికి అతుక్కుని ఉండాలి. అతుకులు వెల్డింగ్‌వై ఉండాలి గాని, నట్లూ బోల్టులతో దగ్గరకు లాగినవై ఉండకూడదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గాని, మీ విషయంలో పొగ రాని చోటే లేదు: మూత అంచున, గొట్టం మొదట, నిప్పుల పెట్టె అతుకున, చివరికి థర్మామీటర్ బిగించిన బెజ్జం చుట్టూ కూడా. రంధ్రాలన్నీ మూసి నిద్రపోతే తెల్లవారేసరికి బస్తాడు బొగ్గు బూడిదై ఉండేది. కొనే రోజున మీ మూత మూసి, అంచు వెంట ఒక కాగితం ముక్క పెట్టి లాగి ఉంటే, లేదా లోపల టార్చిలైటు వెలిగించి బయటినుంచి చూసి ఉంటే, మీరు స్మోకర్ కాదనీ లాంతరనీ నాకు అప్పుడే తెలిసేది. వేడికి తట్టుకునే నారపట్టీ తెచ్చి అంచంతా అతికించిన మాట నిజమే. చేతులు కాలాక పట్టుకున్న ఆకు అది.

ఇప్పుడు తుప్పు. ఇక్కడ నేరం మీ ఒక్కరిదే అంటే అన్యాయమవుతుంది. మీ నల్లరంగు వట్టి పెయింటు. మొదటి నిప్పుకే పొక్కులు లేచి, మూడో నిప్పుకు పొరలుగా ఊడింది. ఉక్కు మీద గాజుపొడి చల్లి, 800 డిగ్రీల ప్రాంతంలో కరిగించి పట్టించే ఎనామిల్ పూత అయితే నిప్పుకు జంకదు; కాని దెబ్బ తగిలి పెచ్చు ఊడిన చోట కింది ఇనుముకు దిక్కు ఉండదు. స్టెయిన్‌లెస్ తీరు వేరు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ చేతుల మీదుగా పేరు తెచ్చుకున్న ఆ ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనబడని గట్టి పొరై ఉక్కును కాపాడుతుంది. మామూలు ఇనుము తుప్పుకు ఆ గుణం లేదు. అది ఉబ్బి, పెళుసై, ఊడి, కింది ఇనుమును మళ్ళీ గాలికి అప్పగిస్తుంది. నికెల్ కూడా కలిసిన 304 రకానికి సాధారణంగా అయస్కాంతం అంటుకోదు. నికెల్ లేని 430 రకానికి అంటుకుంటుంది, తేమలో కాస్త తొందరగా మచ్చపడుతుంది. మీ ఒంట్లో అచ్చమైన స్టెయిన్‌లెస్ ఒకే ఒక్కటి, ఆ సీసా మూతల కొక్కెం. అది ఈ రోజుకీ తళతళలాడుతోంది.

నా వంతు నేరం బూడిద. బూడిదలో పోసిన పన్నీరు అని సామెత. నేను పన్నీరు పోయలేదు గాని, వాన పోయనిచ్చాను. బొగ్గు బూడిదలోని లవణాలు తేమను పీల్చుకుని, క్షారమై, ముద్దగా మారి, రేకును అంటిపెట్టుకుని కూర్చుంటాయి. వంట అయిన మరునాడు, నిప్పు పూర్తిగా చల్లారాక, బూడిదను ఇనుప డబ్బాలోకి ఎత్తి మూత పెట్టవలసింది. నేను వచ్చే ఆదివారం చూద్దామనుకున్నాను. లోపలివైపు నూనె రాసి ఒకసారి ఖాళీగా కాల్చి పదును చేయవలసింది. మొదటిరోజే ముక్క ఎక్కించాను. పైగా మీమీద ప్రేమ కొద్దీ, ఒళ్ళు తడిగా ఉండగానే నీరు చొరని గుడ్డ కప్పి, చుట్టూ తాడు బిగించాను. లోపల చేరిన తేమకు బయటికి దారి లేక, అది మీ అడుగునే తొలిచింది. ఆరు మిల్లీమీటర్ల పలక ఇటువంటి యజమానిని కూడా ఏళ్ళ తరబడి క్షమించగలదు. మీ దగ్గర క్షమించడానికి సరిపడా మందం లేదు.

హామీ పత్రం తీసి చదివాను. మిమ్మల్ని తయారు చేసినవారు మీకు అయిదేళ్ళ భరోసా ఇచ్చారు. తుప్పు, రంగు ఊడటం, నిప్పుకు రేకు వంగటం, రంధ్రం పడటం, ఇవి మాత్రం అందులోకి రావట. నిప్పు వేయకుండా, తడి తగలకుండా, పట్టుబట్టలో చుట్టి ఉంచితే అయిదేళ్ళూ వారి పూచీ.

మీ తరువాత రాబోయేవారి గురించి మీకు తెలియజేయడం మర్యాద. నిలువుగా తూటా ఆకారంలో ఉండే ఎనామిల్ స్మోకర్లు అతుకులు తక్కువగా, పొదుపుగా నిప్పు తింటాయని విన్నాను. గుండ్రని ఒంటికి గట్టి మూత పెడితే నిప్పు చేతిలో ఉంటుందన్న తెలివి కొత్తదేమీ కాదు, 1952లో షికాగో ప్రాంతపు లోహపు పనివాడు జార్జ్ స్టీఫెన్ నీటి మీద తేలే బోయాల గుండ్రటి రేకుతో మూతపొయ్యి చేసినప్పుడు పట్టుకున్నదే. రెండు వందల లీటర్ల ఇనుప పీపాతో చేసుకునేవి చౌక, దిట్టం. జింకు పూత ఉన్న పీపా మాత్రం పనికిరాదు, కాలిన జింకు పొగ జ్వరం తెప్పిస్తుంది. కమాడో అనే గుడ్డు ఆకారపు పింగాణీ పొయ్యికి తుప్పన్న మాటే లేదు, జారవిడిస్తే పగులుతుంది. ఇవన్నీ చూసి, చివరికి మీరు ఆనాడు వెక్కిరించిన ఆ మొరటు పలకల పొయ్యినే అడగబోతున్నాను. పాడైతే జాలీలు, నిప్పుల పళ్ళెం విడిగా దొరుకుతాయా అని ఈసారి ముందే కనుక్కున్నాను.

ఒక్క విషయంలో వ్యంగ్యం మానుకుంటాను. ఒక వానరోజున మిమ్మల్ని కారు షెడ్డులోకి తోసి వెలిగించబోతే మా అమ్మాయి అడ్డుపడింది. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలుపు తెరిచి ఉంచినా అది ప్రాణం తీయగలదు. ఆ రోజు మేము ఎండిన రొట్టె తిన్నాము.

కొక్కెం విప్పి వంటింట్లో తగిలించాను; అది మీ జ్ఞాపకంగా ఉంటుంది. రేపు ఉదయం పాత ఇనుము కొనే మనిషి తన త్రాసుతో వస్తాడు. కొనే రోజున నేను తీసుకురావలసిన త్రాసు అది. తూకంలో తేడా రాకూడదని, మీ పీపా మూలల్లో మిగిలిన బూడిదనంతా ఈ సాయంత్రం కూర్చుని గోకి ఎత్తిపోశాను. మూడేళ్ళలో మిమ్మల్ని పూర్తిగా శుభ్రం చేయడం ఇదే మొదటిసారి. చిత్తగించవలెను.

ఇట్లు,
మీ పొగకు కళ్ళు, మీ సోకుకు జేబు అప్పగించిన
యజమాని