వడదెబ్బకు పరిహారం సరే, పొలంలో నీడ ఏదీ?

వ్యవసాయ కూలీల వడదెబ్బ మరణాలపై ఈమధ్య చదివిన ఒక వ్యాసం, మృతుల కుటుంబాలకు ఇచ్చే పరిహారం గురించి చెప్పి అక్కడే ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలు ప్రకటించడం మంచిదే. కానీ చేలో కుప్పకూలిన మనిషి వడదెబ్బతోనే పోయాడని రుజువు చేసే కాగితాలు కూడగట్టడం కూలి కుటుంబానికి తేలిక కాదు. ఖమ్మం, గుంటూరు ప్రాంతాల్లో మిరప కోతలు ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల దాకా సాగుతాయి. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట నీడకు వెళ్లిన ప్రతి పది నిమిషాలూ సంపాదనలో కోతే. పైగా చాటు లేని చేలల్లో ఆడకూలీలు మూత్రవిసర్జనకు ఇబ్బందిపడి నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు (ఈ సంగతి వ్యాసాల్లో ఎందుకో అరుదుగా కనిపిస్తుంది). అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2005లోనే తాగునీరు, నీడ, విశ్రాంతి కల్పించడం యజమాని విధిగా నిబంధన తెచ్చింది. అదే ఏడాది వచ్చిన మన ఉపాధి హామీ చట్టం కూడా పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని చెప్పింది గానీ, రైతుల పొలాల్లో కూలికి వెళ్లేవారికి అది వర్తించలేదు. అప్పుల్లో ఉన్న చిన్న రైతుపైనే ఈ భారమంతా మోపకుండా, కోతల కాలంలో నీడ పందిళ్లు, నీటి ట్యాంకులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచాయతీ ద్వారా పొలాల దగ్గరికే చేర్చే ఏర్పాటు గురించి వ్యాసకర్త రాసి ఉండవలసింది.