జాక్ గారికి న్యాయం జరగాలి

భయపడదామని కూర్చుని, భయపడకుండా లేచిన ప్రేక్షకుడి బాధ ఎవరికీ పట్టదు. నేను ఆ బాధితుణ్ణి. అమెరికా దర్శకుడు జార్జ్ రొమేరో తీసిన ‘సీజన్ ఆఫ్ ది విచ్’ సినిమా అన్నారు. 1968లో నలుపు తెలుపు బొమ్మలో శవాల్ని లేపి నడిపించిన మనిషి, 1972లో చేతబడి మీద తీశాడంటే గుండె చిక్కబట్టుకునే కూర్చున్నాను. తీరా చూస్తే దయ్యం లేదు. పిట్స్‌బర్గ్ శివార్లలో ఒక చక్కటి ఇల్లు, నలభైకి దగ్గరపడ్డ ఇల్లాలు, పని మీద ఊళ్లు తిరిగే భర్త జాక్ గారు, చదువుకునే కూతురు. అంతే. పార్టీలు జరుగుతాయి. గ్లాసులు నిండుతాయి, ఖాళీ అవుతాయి. మధ్యలో ఆవిడకు అద్దంలో తనే ముసలిదై కనిపిస్తుంది. దాన్ని హారర్ అంటే ఆడవాళ్లంతా రోజూ హారర్ సినిమాలోనే ఉన్నట్టు లెక్క.

డబ్బు లేకపోవడం ఒక కారణమని ఒప్పుకుంటాను. అనుకున్నది రెండున్నర లక్షల డాలర్లు, చేతికొచ్చింది లక్ష దరిదాపు. ఆ డబ్బుకి దయ్యం రాదు, భర్త వస్తాడు. రాసింది, తీసింది, కెమెరా పట్టింది, ఎడిట్ చేసింది అన్నీ రొమేరోనే. నిర్మాత ఎవరయ్యా అంటే ఆయన భార్య నాన్సీ. ఇంటావిడల అసంతృప్తి మీద సినిమాకి సొంత ఇంటావిడనే నిర్మాతగా పెట్టుకోవడం పొదుపో, ధైర్యమో నేను తేల్చలేకపోయాను.

ఇక అసలు విషయం. ఈ సినిమా గురించి ఇన్నేళ్లుగా రాసినవాళ్లు జాక్ గారి భార్య తరఫునే రాస్తూ వచ్చారు. జాక్ గారి తరఫున మాట్లాడేవాళ్లు లేరు. ఆ లోటు తీర్చడమే నా మనవి.

సినిమా ఆవిడ కలతో మొదలవుతుంది. జాక్ గారు పేపరు చదువుకుంటూ అడవిలో ముందు నడుస్తుంటారు, ఆవిడ వెనక. ఆయన తోసుకుపోయిన కొమ్మలు వెనక్కొచ్చి ఆవిడ మొహానికి కొడతాయి. తర్వాత ఆయన ఆవిడ మెడకు పట్టీ తగిలించి, కుక్కల్ని ఉంచేచోట పెట్టి వెళ్తారు. ఎంత గోల చేశారో దీనికి! నేను అడిగేది ఒక్కటే. ఆ అడవిలో దారి చేసింది ఎవరు? అదీ ఒక చేత్తో పేపరు పట్టుకుని. పోనీ, ఊరెళ్తూ ఆవిణ్ణి దిక్కులేకుండా వదిలేశారా? తిండికీ నిద్రకీ ఏర్పాటు చేసి, ఒకచోట అప్పగించి మరీ వెళ్లారు. పైగా కల ఆవిడది. అందులో ఆయన్ని అలా నడిపించింది ఆవిడే. ఆ సమయంలో జాక్ గారు పక్కనే నిద్రపోతూ ఉండి ఉంటారు, పాపం.

మెలకువలో ఒకసారి ఆయన ఆవిడ మీద చెయ్యి చేసుకుంటారు, నిజమే. సినిమా దాని దగ్గర ఎక్కువసేపు ఆగదు. సినిమాయే ఆగని చోట నేను ఆగడం మర్యాద కాదు.

ఇంతకీ ఆవిడకు ఏం తక్కువైంది? ఇల్లుంది. డబ్బుంది. కలలొస్తున్నాయంటే చెప్పుకోడానికి డాక్టరు ఉన్నాడు. అయినా ఆవిడ వెళ్లి, టారో కార్డులు చూసి జాతకం చెప్పే ఒకావిడని పట్టుకుంది. ఆ తర్వాత దుకాణానికెళ్లి చేతబడి సామాను కొనుక్కుంది, వెనక డొనొవాన్ అనే గాయకుడి పాట వస్తుండగా. సినిమా మొత్తమ్మీద ఆవిడ మొహంలో కళ నాకు కనబడింది అక్కడే. దీన్నిబట్టి నేను గ్రహించింది ఏమంటే, మంత్రగత్తె కావాలన్నా ముందు షాపింగే. ఆ మంత్రాలు పనిచేశాయా, లేక ఆవిడ అనుకున్నవి వాటంతటవే జరిగాయా అన్నది సినిమా తేల్చదు. డబ్బిచ్చి కొన్న సామానుకి గ్యారంటీ అడగని గృహిణిని నేను ఇక్కడే చూడటం.

అమెరికా టీవీలో 1964 నుంచి 1972 దాకా ‘బివిచ్డ్’ అని ఒక సీరియల్ నడిచింది. అందులో పుట్టుకతో మంత్రశక్తి ఉన్న ఇల్లాలు, మొగుడి మాట విని మంత్రాలు మానేసి ఇంటిపని చేతుల్తో చేసుకుందామని నానా అవస్థా పడుతుంది. దేశం ఎనిమిదేళ్లు నవ్వింది. ఇక్కడ చేతుల్తో ఇంటిపని చేసుకునే ఇల్లాలు మంత్రశక్తి కావాలంటోంది. అది కామెడీ, ఇది హారర్. వర్గీకరణ సరిగ్గానే ఉంది.

పూర్వం ఇలాంటివి పద్ధతిగా పరిష్కారమయ్యేవి. ఆ పిట్స్‌బర్గ్ ఉన్న పెన్సిల్వేనియాలోనే 1683-84 చలికాలంలో మార్గరెట్ మాట్సన్ అనే ఆవిడ మీద మంత్రగత్తె అని కేసు పెట్టారు. విచారించింది సాక్షాత్తూ ఆ పెన్సిల్వేనియాని స్థాపించిన విలియం పెన్. ఆవులకు చేతబడి చేసిందని అభియోగం. జ్యూరీ తీర్పు బంగారంలాంటిది: మంత్రగత్తె అన్న పేరు ఉన్న మాట నిజం, అభియోగం మాత్రం రుజువు కాలేదు. ఆర్నెల్లపాటు బుద్ధిగా ఉంటుందని భర్త యాభై పౌండ్ల పూచీకత్తు రాసిచ్చి ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్లాడు. చూశారా, భార్య మంచితనానికి భర్త జామీను! తర్వాత మూడొందల ఏళ్లకు దగ్గరగా దేశం ఆ స్ఫూర్తిని కాపాడుకుంటూ వచ్చింది. పెళ్లయిన ఆవిడ క్రెడిట్ కార్డు అడిగితే మీవారి సంతకం తెమ్మనే బ్యాంకులు ఉండేవి. ఆడమనిషి అనో, పెళ్లయిందనో అప్పు నిరాకరించకూడదని చట్టం 1974లో వచ్చింది. జాక్ గారు అంతదాకా లేకపోవడమే నయం.

ఎందుకు లేరో చెప్పాలిగా. ముసుగు మనిషి ఇంట్లో చొరబడుతున్నట్టు ఆవిడకు పీడకలలు. ఒక రాత్రి జాక్ గారు అనుకున్నదానికంటే ముందే ఇంటికొచ్చారు. ఆవిడ ఆ ముసుగు మనిషే అనుకుని తుపాకీ పేల్చింది. భర్త చెప్పిన టైముకంటే ముందు రావడం ఆ ఇంట్లో ఎంత అరుదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అటుపైన ఆవిడ మంత్రగత్తెల బృందంలో చేరిపోతుంది. చేర్చుకునే తంతులో మెడకు తాడు వేస్తారు. పట్టీ పోయి తాడొచ్చిందని కొందరు బాధపడ్డారు. అలవాటైన మెడ, దానికేం ఇబ్బంది?

జాక్ గారికి జరిగిన అన్యాయం ఆయనతో ఆగలేదు. రొమేరో ఈ సినిమాకి ‘జాక్స్ వైఫ్’ అని గౌరవంగా పేరు పెట్టుకున్నాడు. పంపిణీదారు జాక్ హెచ్. హారిస్ (ఇక్కడా జాక్ గారే, గమనించండి) 130 నిమిషాల బొమ్మని 89కి కోసి, 1973లో ‘హంగ్రీ వైవ్స్’ అని, అంటే ఆకలిగొన్న భార్యలని పేరు మార్చి, బూతు సినిమా అనుకుని జనం వస్తారన్న ఆశతో వదిలాడు. రాలేదు. 1978లో రొమేరో శవాలు మళ్లీ లేచి బాగా డబ్బు చేసుకున్నాక దీన్నీ దుమ్ము దులిపారు. ఈసారి లోపల వచ్చే ఆ డొనొవాన్ పాట పేరే తగిలించారు: ‘సీజన్ ఆఫ్ ది విచ్’. తీసినవాడు పెట్టిన పేరు పోయింది, కోసేసిన ముక్కల్లో కొన్ని మళ్లీ దొరకనే లేదు, ఇప్పుడు దొరికే పెద్ద కూర్పు 104 నిమిషాలు. ఇంటిపేరు మారడం ఆడవాళ్లకే అనుకుంటాం.

సినిమా చివర్లో ఇంకో పార్టీ. భర్త పోయాడు, ఆవిడ మంత్రగత్తె అయింది, కట్టూబొట్టూ తీరే మారిపోయింది. అయినా అక్కడ ఆవిణ్ణి పరిచయం చేసేటప్పుడు వినిపించే మాట ‘జాక్ భార్య’. నాకు కళ్లు చెమర్చాయి. మొత్తానికి జాక్ గారిని గుర్తుపెట్టుకున్నారు.

వ్యాసం పూర్తిచేసి ఒకసారి చదువుకుంటే, ఇంతసేపూ హీరోయిన్ పేరు ఎక్కడా రాయలేదని కనబడింది. ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. సినిమా మళ్లీ పెట్టి చూడాల్సొచ్చింది. జోన్ అట. చదివేవాళ్లు ఎవరీ జోన్ అని కంగారు పడతారని పైన ఎక్కడా మార్చలేదు.